యువరాజు కోటు

ఆ అత్తగారికి ఉన్నది ఒకటే జబ్బు. ఊరికే పడున్న గుడ్డ కంటబడితే చాలు, దాన్ని ఇంకో గుడ్డగా మార్చేదాకా ఆవిడ చేతులు ఊరుకోవు. దుప్పటి లంగా అవుతుంది, లంగా దిండు గలేబవుతుంది, గలేబు మనవరాలి స్కూలు నాటకంలో కుందేలై గెంతుతుంది. ఊరికే అంటే ఎంతసేపని అడక్కండి. మీరు తువ్వాలు దండెం మీద వేసి, మొహం కడుక్కుని వచ్చేలోపు అది ఊరికే ఉన్నట్టే లెక్క. వీధి వీధంతా ఆవిణ్ణి కత్తెరత్తగారనే పిలిచేది.

ఈ కత్తెర వల్ల నలిగిపోయినవాడు ఆవిడ అల్లుడు. నీటి సరఫరా ఆఫీసులో హెడ్ క్లర్కు. కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ పిల్లనిచ్చిన అత్తగారు, పైగా పెద్దావిడ. ఎదురుగా ఒక్క మాట అనలేడు. అందుకని వంటింట్లోకి వెళ్లి భార్య మీద విరుచుకుపడేవాడు.

"నా గొడుగేదీ?"

"అదిగో, ఆ మూలనే ఉందిగా."

"అది గొడుగా? ఊచలు! గుడ్డేదీ అంటున్నా! వానలో ఊచలు పట్టుకుని పొమ్మంటావా ఆఫీసుకి?"

"నెమ్మదిగా అనండి, అమ్మ వింటుంది."

"వినాలనే అరుస్తున్నా!" అని గుసగుసగా అరిచేవాడు.

"అల్లుడుగారూ, ఏమైనా కావాలా?" అని అవతలి గదిలోంచి వినబడేది.

"అబ్బే, ఏం లేదండీ అత్తయ్యగారూ!" అని పళ్లు కొరుక్కునేవాడు. సోఫా కవరు వెనకభాగం మాయమైనప్పుడైతే నెల్లాళ్లపాటు పళ్లు కొరికాడు.

కోపం తర్వాత అతనికి అంత దండిగా ఉన్నది నడుము గురించిన గర్వం. ఏటా ఆఫీసు వార్షికోత్సవ నాటకంలో యువరాజు వేషం అతనిదే. పెళ్లయిన కొత్తలో పాత మెరూన్ తలుపు తెరలు కోసి అత్తగారు కుట్టిపెట్టిన పొడుగు కోటు ఒకటుంది. ఇప్పటికీ ఆ కోటే. "పెళ్లినాటి నడుమే ఇవాళ్టికీ! ఒక్క అంగుళం తేడా ఉంటే చెప్పండి!" అని కనబడ్డ ప్రతివాడికీ బొత్తాలు పెట్టి చూపించేవాడు. నాటకం ముందు అత్తగారు ఆ కోటు అడిగి తీసుకుని, రెండు పక్కలా ఏదో ఒక కొత్త చార వేసి ఇచ్చేది. ఒక ఏడు నల్లచార, ఇంకో ఏడు బంగారు పూల చార. "ఎప్పుడూ ఒకేలా ఉంటే చూసేవాళ్లకి విసుగు రాదూ?" అనేది. ఆవిడ చేసే పనుల్లో అల్లుడికి నచ్చింది అదొక్కటే.

ఈ ఏడు ఆఫీసుకి కొత్త టైపిస్టొచ్చాడు. సన్నగా, రివటలా ఉంటాడు. "సార్, ఈసారి యువరాజు నాకొదిలెయ్యండి. మీరు మహారాజు వేస్తే నిండుగా ఉంటుంది," అన్నాడు.

నిండుగానా! ఆ ఒక్క మాటకి అల్లుడికి ఒళ్లు మండిపోయింది. ఆఫీసరు ముందు, ఆఫీసులో అందరి ముందు కుర్చీలోంచి లేచాడు. "ఆ కోటు నాకు పట్టకపోతే అక్కడికక్కడే విప్పి నీ మొహాన కొడతా! మళ్లీ జన్మలో రంగు పూసుకోను!"

నాటకం రోజు పొద్దున్న స్నానం చేసి వచ్చేసరికి, ముందుగది కొత్త తెర అత్తగారి ఒళ్లో ఉంది. కింది బారున ఓ ముక్క అప్పుడే తెగిపోయింది. పక్కన కోటు. అల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఎదురుగా నిలబడి అరిచాడు.

"అత్తయ్యగారూ! ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, ఆ కత్తెరైనా ఉండాలి!"

"అది కాదు బాబూ, కోటుకి కొంచెం పనుంది..."

"మీ పనులు చాలండీ! మీ చారలూ వద్దు, మీ సింగారమూ వద్దు!"

"ఈ ఒక్కరోజూ వదిలెయ్యండి. రేపట్నుంచి కత్తెర మీ బీరువాలోనే పెట్టుకుందురుగాని."

వింటేనా! కత్తెర, కోటు, ఎందుకైనా మంచిదని తన మీసాల కత్తెర కూడా సంచీలో కుక్కుకుని, చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం పాత ఫైళ్ల గదిలో వేషాలు వేసుకుంటున్నారు. అల్లుడు కోటు తొడిగాడు. చేతులు పట్టాయి. ముందు మాత్రం నాలుగువేళ్ల సందు. ఊపిరి బిగబట్టాడు. బొత్తాం కాజాని ముట్టుకుని జారిపోయింది. చాకలిని తిట్టాడు, కోటుని తిట్టాడు, గోడని ఒక్క గుద్దు గుద్దాడు. మొదటి గంట కొట్టారు.

"పట్టిందా సార్?" అని తలుపవతల టైపిస్టు.

"పో అవతలికి!"

అప్పుడే భార్యని వెంటబెట్టుకుని అత్తగారు లోపలికొచ్చి గడియ వేసింది. "కత్తెర తెచ్చారుగా బాబూ? ఇటివ్వండి," అంది. అతను సంచీలోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ కోటు తిరగేసింది.

నల్లచారకి లోపలివైపు గొడుగు కట్టే పట్టీ ఇంకా వేలాడుతోంది. దాని పక్కన సోఫా కవరు. ఆ పక్కన పోయిందనుకున్న పెళ్లినాటి జంపఖానా అంచు. ఇన్నేళ్లుగా వేటివేటి కోసం చిందులు తొక్కాడో అవన్నీ వరసగా తన నడుం చుట్టూనే ఉన్నాయి.

"అంటే... ఇవన్నీ..."

"చారలు బాబూ. సింగారానికి," అంది అత్తగారు, తలెత్తకుండా.

"మీ ప్యాంట్లు కూడా ఏటా వదులు చేస్తోంది," అని భార్య నోరు జారింది.

"నువ్వూరుకోవే!" అని తల్లి కసిరింది.

అల్లుడికి కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అంతకుమించి సిగ్గేసింది. "చెప్పచ్చు కదండీ!" అన్నాడు.

"చెబితే మానేస్తారు. ఈ వేషం వేసిన రోజు మీరెంత సంతోషంగా ఉంటారో మీకేం తెలుసు! ఇంటికొచ్చి ఎవరినీ ఒక్క మాటనరు," అంటూ ఆవిడ తన పట్టుచీర కొంగు ముందుకి లాక్కుని కత్తెర తెరిచింది. "తెర ముక్క ఇంట్లోనే ఉండిపోయింది. ఇదైతే రంగు కూడా కలుస్తుంది."

"ఆగండి!" అల్లుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. చుట్టూ చూశాడు. పక్క తలుపు తీస్తే వేదిక. అక్కడ ఆఫీసు తెర అంచు వేలాడుతోంది. అదీ మెరూనే. బరబరా లోపలికి లాక్కొచ్చాడు. "దీన్ని కొయ్యండి!"

"అయ్యయ్యో, ఆఫీసుది బాబూ!"

"ఊరికే వేలాడుతోంది! కొయ్యమంటున్నానా!"

ఊరికే అన్నాక ఆవిణ్ణి ఆపేవాడెవడు? కత్తెర కసకసలాడింది. టైపిస్టు మళ్లీ తలుపు కొట్టాడు.

"ఎప్పుడో పట్టింది నాయనా! బొత్తాం ఒకటి వదులైతే బిగిస్తున్నాను," అంది అత్తగారు, పళ్ల మధ్య దారం తెంపుతూ.

రెండో గంటకి బొత్తాలన్నీ పడ్డాయి. యువరాజు వేదిక అదిరేలా డైలాగులు చెప్పాడు, ఈలలు పడ్డాయి. చివర్న తెర మూసేసరికి కింది మూల గుమ్మడికాయ పట్టేంత కంత! దాంట్లోంచి యువరాజు కాళ్లు కనబడుతున్నాయి. ఆఫీసరు రుసరుసలాడుతూ వేదిక ఎక్కాడు.

"కొత్త తెర! ఎవరు కోశారిది? ఎవరని అడుగుతున్నా!"

పక్కన నిలబడ్డ అత్తగారు నోరు తెరవబోయింది. అల్లుడు అట్టకత్తి పట్టుకుని అడ్డంగా దూకాడు.

"నేనే కోశాను! కొత్తది కుట్టించి తెస్తాను! అంతేగాని మధ్యలో మా అత్తయ్యగారి మాట ఎవరైనా ఎత్తారో, నేనసలే మంచివాణ్ణి కాను!"

నిజానికి అక్కడ ఆవిడ మాట అతను తప్ప ఎవరూ ఎత్తలేదు.