కానుగ నూనె కొలత

కంచరపాలెంలో మా అత్త కాచే గజ్జి నూనె కోసం పొద్దున్నే మా అరుగు మీద జనం కూర్చునేవారు. కానుగ నూనె సన్నసెగన వేడిచేసి, అంగట్లో కొన్న గంధకం పొడిని చిటికెలతో కొలిచి వేసేది. కర్పూరం మాత్రం గిన్నె దించి, గోరువెచ్చనయ్యాకే. అక్షరమ్ముక్క రాదు, కానీ ఆ చెయ్యి తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు. అబ్బ, ఆ విషయంలో ఎంత పొగరో! ఆ పొగరు ఆవిడకు తగిందే.

డెబ్బైల చివర్లో మా ఆయన పోర్టులో గంధకం ఓడల దగ్గర రోజుకూలీ. పర్మినెంటు చేస్తామని, సోమవారం మెడికల్ పరీక్షకి రమ్మన్నారు. సరిగ్గా అప్పుడే వేళ్ళ సందుల్లో గజ్జి! డాక్టరు చూస్తే వెనక్కి పంపేస్తాడని ఇంటిల్లిపాదికీ బెంగ. గురువారం అత్త నూనె కాచి, తొందరపడొద్దంది. నాకు ఓపిక ఉంటేనా! ఆవిడ వీధిలోకెళ్ళగానే, ఆయన బట్టలు దులిపితే రాలిన గరుకు ఓడ గంధకం గుప్పెడు తీసి అందులో కలిపేశాను. ఎక్కువేస్తే త్వరగా తగ్గుతుందని నా తెలివి.

రాత్రి రాసుకుని పడుకుంటే, తెల్లారేసరికి ఆయన చేతులు ఎర్రగా పొంగిపోయాయి, ఒకటే మంట.

"నీ సెయ్యి పోనాదే అమ్మా! నా ఉజ్జోగం తీసేసినావు!" అని అరుగు మీద జనం వింటుండగా అరిచారు.

అత్త నూనెను వేళ్ళ మధ్య రుద్ది చూసింది. గరగర తెలిసింది. నావైపు ఒక్క చూపు చూసింది.

"అవును నాయనా, కొలత తప్పీసినాను. ముసిల్దాన్ని కదేటి," అంది.

జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. నేనూ లోపలికి జారుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

ఆ రోజంతా అత్త ఇత్తడి పళ్ళెంలో నెయ్యి వేసి, నీళ్ళు పోసి, అరచేత్తో మెదిపి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పోసి, నూరుసార్లు కడిగింది. వెన్నలా తెల్లబడ్డ ఆ నేతిని మూడు రోజులు కొడుకు చేతులకు రాసింది. గజ్జి ఎలాగూ మాడింది, సోమవారానికి ఎరుపూ దిగింది. డాక్టరు చేతులు తిప్పి చూసి సంతకం పెట్టాడట.

ఉద్యోగం వచ్చింది, అరుగు మాత్రం ఖాళీ. నెల రోజులు చూశాను. ఇక ఉండబట్టలేక ఆయనకీ, వీధివాళ్ళకీ నిజం చెప్పేశాను. ఆయన తల దించుకున్నారు. అత్త మాత్రం నన్నే తిట్టింది.

"ఓలమ్మీ, ఎవులు సెప్పమన్నారే? నా తర్వాత నీ సేతి నూనె ఎవులు రాసుకుంటారు?"

మర్నాడు నాచేతే నూనె కాయించింది. జనం వచ్చారు కానీ, నేను కాచానని తెలిసి జంకారు. అత్త అందరి ముందూ తన ముంజేయి చాపింది.

"ముందు నాకు రాయే," అంది.