ఎండలో పెంచిన కొడుకు

మోతె దగ్గరి తండాలో రంగికి తొలిచూలు కొడుకు పుట్టినప్పుడు మంత్రసాని వాణ్ని దీపం దగ్గరికి తీసుకుపోయి మళ్లీ చూసింది. ఒళ్లంతా పాల తెలుపు. తలవెంట్రుకలూ కనురెప్పలూ కూడా తెల్లనివే. ధన్‌సింగ్ అని పేరు పెట్టారు గాని, తండా అంతా "దొరా" అని పిలిచి నవ్వేది. తండ్రి గేమ్యా ఆ నవ్వులకు తల దించుకునేవాడు.

"పొద్దంతా ఎండల ఉంచు. మనలెక్క రంగొస్తది," అంది రంగి అత్త.

రంగి అట్లాగే చేసింది. నూనె రాసి ఆరుబయట పడుకోబెట్టేది. పిల్లవాడు కళ్లు తెరవలేక గుక్కపట్టి ఏడ్చేవాడు. చర్మం ఎర్రగా కమిలి, పొక్కి, పొట్టు ఊడేది. లోపలి నుంచి కొత్త తోలు వస్తోందన్నారు అందరూ. ఆమె నమ్మింది.

రంగు రాలేదు. పలక మీది అక్షరాలు కళ్లకు ఆనక బడి మానేసి, ధన్‌సింగ్ తండ్రి వెంట చేలకు పోయాడు. ఎవరెంత నవ్వినా కోపం తెచ్చుకునేవాడు కాదు. సాయంత్రం గుడిసెలోకి వస్తూనే, "దొర వచ్చిండు, రొట్టె పెట్టు యాడీ," అని తల్లిని నవ్వించేవాడు.

మీసాలొచ్చే వయసులో చెవి మీద చిన్న పుండు లేచింది. పసరు పూశారు. మానలేదు. అది దవడ మీదికి పాకి, మెడలో గడ్డలు కట్టాక సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు.

డాక్టరు పుండు చూసి, కొడుకును ఎట్లా పెంచిందో రంగిని అడిగి తెలుసుకున్నాడు. "ఇది క్యాన్సరమ్మా. ఇతని ఒంట్లో పుట్టుకతోనే రంగు లేదు. ఎండలో ఉంచితే రాదు. ఇలాంటి చర్మాన్ని ఎండే తినేస్తుంది. నీడలో పెంచాల్సింది."

రంగి కొంగు తీసి కొడుకు తల మీద కప్పింది.

"మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా?"

"సెల్లె ఉంది సారూ. కమ్లి," అన్నాడు గేమ్యా.

హైదరాబాదు తీసుకుపోయినా ఆలస్యమైందని పంపేశారు. వేసవి ముదిరేనాటికి ధన్‌సింగ్ మంచం దిగలేకపోయాడు. "తలుపెయ్యి యాడీ, వెలుగు గుచ్చుకుంటాంది," అనేవాడు. రంగి తలుపు వేసి, వాడి చెయ్యి పట్టుకుని చీకట్లో కూర్చునేది. అట్లా కూర్చుని ఉండగానే ఒక మధ్యాహ్నం ఆ చెయ్యి చల్లబడింది.

దినాలు కాకముందే రంగి కమ్లికి పొడుగు చేతుల రవికలు కుట్టించింది. నాట్లకు పోనివ్వలేదు.

"అందరు పోతున్నరు. నన్నొక్కదాన్నే కట్టేస్తవా?" అని ఏడ్చింది పిల్ల.

"తిట్టుకో బిడ్డా. బతికుండి తిట్టుకో."

కాలువ నీళ్లొచ్చాక మిర్యాలగూడలో బియ్యం మిల్లులు పెరిగాయి. ముగ్గురూ అక్కడికి చేరారు. రంగి మిల్లు యజమాని సత్యానందాన్ని బతిమాలింది. "సేటూ, నా బిడ్డకు లోపలి పనియ్యి. బయటి పని ఎంతున్నా నేను జేస్త."

ఆయన కమ్లి ముఖం వంక చూశాడు. ఇంకేమీ అడగకుండా గోదాములో సంచులు కుట్టే పని ఇచ్చాడు. అన్నకు పుండు లేచిన వయసు దాటినా కమ్లి చర్మం మీద మచ్చ పడలేదు.

రంగి మాత్రం మిట్టమధ్యాహ్నం మిల్లు కళ్లంలో ఉడికించి ఆరబోసిన ఉప్పుడు వడ్లను కాళ్లతో నెరుపుతూ తిరిగేది. తోటి ఆడవాళ్లు తల మీద గుడ్డ వేసుకొమ్మనేవారు. ఆమె వినిపించుకునేది కాదు.