దుప్పటి కింద టీవీ

గరాజ్‌లో మా పాత టీవీ యాంటెన్నా కనబడితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అమెరికాలోని ఇర్వింగ్‌లో చిన్నప్పుడు ప్రతి గురువారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక ఉండేది. సరిగ్గా నా సీరియల్ మొదలయ్యే వేళకే మమ్మీ టీవీ మీద దుప్పటి కప్పేసేది. ఒకరోజు ఆ సీరియల్‌ని టీవీ వాళ్లు మధ్యలోనే ఆపేశారు. చూసేవాళ్లు లేరట.

"నీ ప్రేయర్ వల్లే మమ్మీ! మనం చూడట్లేదని వాళ్లకి తెలిసిపోయింది, కేన్సిల్ చేసేశారు!" అని అరిచాను.

"దేవుడికంటే నీకు టీవీ ఎక్కువైపోయిందా?" అంది మమ్మీ.

ఎవరేం చూస్తున్నారో తెలుసుకోవడానికి ఆ టీవీ వాళ్లు కొన్ని ఇళ్లనే ఎంచుకుని అక్కడి టీవీలకి మీటర్లు పెట్టేవారని పెద్దయ్యాక తెలిసింది. మా ఇంటి తలుపు ఎవరూ తట్టలేదు. మమ్మీ మీద కోపం ఎప్పుడో పోయింది. వాళ్ల మీద మాత్రం పోలేదు. దుప్పటి కప్పినా, తీసినా, వాళ్ల లెక్కలో మా ఇల్లే లేదు.