మారని పేరా

నేను ఢిల్లీలో ఏం ఉద్యోగం చేశానో మావాళ్లకు సరిగా తెలియదు. దేశ రక్షణ కాగితాలు రాస్తాడని గొప్పగా చెప్పుకునేవారు. నిజానికి నేను రాసింది తక్కువ, కదిలించకుండా ఉంచింది ఎక్కువ.

ఏ దేశంలోనైనా యుద్ధం మొదలైతే, అక్కడున్న మనవాళ్ల గురించి రోజూ సాయంత్రం ఒక నోట్ పైకి పంపాలి. నిన్నటి నోట్ తీసి, తేదీ మార్చి, కొత్త సంగతేదైనా ఉంటే చేర్చడం మా పద్ధతి. నిన్న ఒప్పుకున్న వాక్యానికి ఈరోజు ఎవరి సంతకమూ అక్కర్లేదు. కొత్త వాక్యమైతే రక్షణ శాఖవాళ్లు చూడాలి, హోం శాఖవాళ్లు చూడాలి, అక్కడి మన రాయబార కార్యాలయం నిర్ధారించాలి. ఒకరు ‘దాడి’ కొట్టేసి ‘సంఘటన’ అంటారు. ఇంకొకరికి సంఘటన కూడా ఘాటుగా తోస్తుంది, ‘పరిణామం’ చాలంటారు. ఈలోగా సాయంత్రమవుతుంది, కొత్త వాక్యం రేపటికి ఆగుతుంది, పాతదే పైకి పోతుంది, టీవీలో చదివేదీ అదే. ఇందులో దుర్మార్గుడంటూ ఒక్కడూ లేడు. ఉంటే వాడినైనా తిట్టుకునేవాణ్ణి.

రిటైరై ధర్మపురి వచ్చేశాక ఆ గొడవ వదిలిందనుకున్నాను. మా చెల్లెలిది పాపారపట్టి, చిన్న పచారీ కొట్టు నడుపుతుంది. ఆమె భర్త పరదేశంలో ఒక రేవులో క్రేన్ తోలేవాడు. అక్కడ యుద్ధం మొదలైంది. మనవాళ్లందరూ క్షేమంగా ఉన్నారని, అధికారులు వాళ్లతో మాట్లాడుతూనే ఉన్నారని రోజూ టీవీలో చెప్పేవారు. ఆ మాట విన్నాకే చెల్లెలు అన్నం తినేది.

ఒక ఉదయం ఆ రేవు మీద బాంబులు పడ్డాయి. అదే రేవులో పనిచేసే నల్లంపల్లి మనిషి మర్నాడు ఫోన్ చేశాడు. క్రేన్ కూలిపోయిందని, చెల్లెలి భర్త పోయాడని, తన కళ్లతో చూశానని ఏడుస్తూ చెప్పాడు. ఆ సాయంత్రం కూడా టీవీలో అందరూ క్షేమంగానే ఉన్నారు.

కంబైనల్లూరు నుంచి చనిపోయినవాడి పెదనాన్న వచ్చాడు. ఆ ఇంటికి ఆయనే పెద్ద. కర్మ సంగతి ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు.

“సర్కారే బాగుండాడంటా ఉంటే, ఎవరో ఫోన్‌లో చెప్పినాడని ఉండే మనిషికి పిండం పెట్టేదా?”

“ఆ మాట పాతది మామా. బాంబులు పడకముందు రాసినది” అన్నాను.

“ఈ పొద్దు కదా చెప్పినారు?”

“తేదీ మాత్రమే ఈ పొద్దుది మామా.”

ఆయన నన్ను అనుమానంగా చూశాడు. “ఆ ఆఫీసు కూడు తిన్నోడివి. నువ్వే దాన్ని అబద్ధమంటే ఎట్లా?”

అబద్ధమని నేననలేదు. ఒప్పుకున్న రోజున అది నిజమే. పాత సహోద్యోగికి ఫోన్ చేశాను. “సంగతి వచ్చింది సార్, నిర్ధారణకు పోయింది” అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నేనూ అక్కడుంటే అదే మాట, అదే గొంతుతో చెప్పి ఉండేవాణ్ణి.

అలా చావు వచ్చిన ఇంట్లో చావు లేకుండా పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లు ఏమనాలో తెలియక మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవాళ్లు. చెల్లెలు గట్టిగా ఏడిస్తే, బతికున్న మొగుడి కోసం అపశకునంగా ఏడుస్తావా అని అత్త కసురుకునేది. మెడలో తాళి, నుదుట బొట్టు అలాగే ఉన్నాయి. మైల లేదు కాబట్టి కొట్టు మూయడానికీ వీల్లేదు. పప్పు తూచి పొట్లం కట్టి ఇచ్చి, డబ్బులు తీసుకోవడం మరిచిపోయేది. చూడలేక నేను వీధిలోకి వెళ్లి నిలబడేవాణ్ణి.

ఒక సాయంత్రం వార్తలయ్యాక ఆమే వెళ్లి టీవీ ఆపింది. నా వైపు తిరక్కుండానే అడిగింది.

“అన్నా, మీ ఆఫీసోళ్లు ఆయన్ని ఎప్పుడు చావనిస్తారో కొంచెం కనుక్కో. నేను ఏడవాల.”