సునీత నా తరఫున వాదించింది

ఈ రోజు క్లాసులో మా మేడం దేవుడి మీద చర్చ పెట్టారు. ఎవరి నమ్మకానికి వాళ్లే వ్యతిరేకంగా మాట్లాడాలన్నారు. దేవుణ్ణి నమ్మని నేను ప్రార్థన గొప్పదనం గురించి కాసేపు తడబడి కూర్చున్నాను. ఏ ఆదివారమూ చర్చి మానని నా స్నేహితురాలు సునీత మాత్రం దేవుడు లేడని ఎంత గట్టిగా వాదించిందంటే, వెనక బెంచీలు కూడా నోరు మూసుకుని విన్నాయి.

తిరిగొచ్చేటప్పుడు కంకిపాడు బస్సులో అడిగాను.

"ఇవన్నీ ఎక్కడ చదివావే?"

"చదవడమేంటి? మా నాన్న పోయాక రోజూ దేవుణ్ణి అడిగినవే."

"మరి ఇంకా చర్చికెందుకెళ్తున్నావు?"

"అడగాల్సినవి ఇంకా ఉన్నాయిగా."

నమ్మేవాళ్లు ప్రశ్నించరని ఇన్నాళ్లూ దాన్ని ఏడిపించేదాన్ని. నా అపనమ్మకాన్ని మాత్రం నేను ఒక్క రోజూ నిలదీయలేదు. మీరు మీ నమ్మకాన్నో, అపనమ్మకాన్నో ఎప్పుడైనా నిలదీశారా?