తొలి కత్తెర

1968 వేసవి. కోటబొమ్మాళి స్టేషన్ వీధిలో నాది టైలర్ కొట్టు. రెండు మిషన్లు, వాటి మీద కుట్టేవాళ్ళు ఇద్దరు. కటింగ్, అంటే కొలత ప్రకారం గుడ్డ కోయడం, మాత్రం నాదే. మా వైపు పెళ్ళిబట్టకు తొలి కత్తెర ఎవరు పెడతారో చూసుకుని మరీ గుడ్డ ఇస్తారు. నా చెయ్యి మంచిదని పేరు. ఆ పేరుతో నాకూ కాస్త పొగరే. జ్వరమొచ్చినా కొట్టుకు పోవాల్సిందే, లేకపోతే రెండు మిషన్లూ ఆగిపోతాయి.

ఆ ఏడు మా ఆవిడ సరస్వతికి కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ తప్పదన్నారు. పెళ్ళిళ్ళయ్యాక చూద్దామని ఒకసారి వాయిదా వేశాను. రెండోసారి శ్రీకాకుళం ఆసుపత్రిలో మళ్ళీ అదే పాట ఎత్తుకుంటే డాక్టరమ్మ మండిపడింది.

"కొట్టుకు తాళం వేస్తే మళ్ళీ తెరుచుకోవచ్చు. ఇంకా ఆలస్యం చేస్తే ఈవిడకి నేనేం చెయ్యలేను."

తిరుగు బస్సులో సరస్వతి కడుపు పట్టుకుని కిటికీకి ఆనుకుని కూర్చుంది. నాకు భయం వేసింది.

మర్నాడే కుట్టేవాళ్ళిద్దరిలో పాతవాడైన సూర్యాన్ని కటింగ్ బల్ల దగ్గర నిలబెట్టాను. మామూలు సైజులకు ప్యాటర్న్‌లు, అంటే అట్టతో చేసిన అచ్చులు, కోసిపెట్టాను. చిక్కల్లా అచ్చుల్లో లేనిదానితోనే. వీపు వంగిన మనిషికి వెనక ఎంత వదలాలి, పొట్ట ఉన్నవాడికి ముందు ఎంత దించాలి, ఇవన్నీ నా చేతికి తెలుసుగానీ నోటితో ఎన్నడూ చెప్పినవి కావు.

"ఇయ్యన్నీ ఇన్నాళ్ళూ సెప్పలేదేటి మావా?" అన్నాడు సూర్యం.

"నువ్వడగలేదు."

"అడిగితే, నా సెయ్యి సూసి నేర్సుకో అనీవోడివి కాదేటి!"

నిజమే. చూస్తే వచ్చేదైతే వాడికి ఎప్పుడో వచ్చి ఉండేది.

ఆపరేషన్ రోజు సరస్వతిని థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఇంతలో మా ఊరి రైతు అప్పలనాయుడు చంకలో మూటతో వచ్చాడు. పలకరించడానికనుకున్నాను. మూట విప్పితే కొడుకు పెళ్ళికోటు గుడ్డ, అందులో నా కత్తెర!

"కొలతలు సూర్యం తీసినాడు బావా. నువ్వు ఓ మూల తొలి కత్తెర పెట్టు, సాలు. మిగతాది ఆడే కోసుకుంటాడు."

ఒళ్ళు మండింది. కసిరి పంపేద్దామని చెయ్యి ఎత్తాను. వేళ్ళు వణికిపోతున్నాయి. నాయుడూ చూశాడు.

"ఈ సేత్తోనా నీ కొడుకు కోటు కోసీది? సూర్యం సెయ్యి వణకదు. ఆడి సేతే కోయించు" అన్నాను.

నాయుడు మూట కట్టేశాడు. వెళ్ళకుండా నా పక్కనే కూలబడ్డాడు. నర్సు వచ్చి "గడ్డ తీసేశారు, భయం లేదు" అనేదాకా అలాగే కూర్చున్నాడు. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

సరస్వతి లేచి తిరిగేదాకా కొట్టు మొహం చూడలేదు. వెళ్ళేసరికి మిషన్ల చప్పుడు వీధిలోకే వినిపించింది. కాసేపటికి నాయుడు చొక్కా గుడ్డతో వచ్చి, నన్ను దాటి లోపలికి తొంగిచూశాడు.

"సూర్యం లేడేటి?"

"టీకెళ్ళాడు. నేనున్నాను గదా, ఇలాగియ్యి."

"నువ్వుండులే బావా. ఆడొచ్చినాక ఇస్తాను. ఆడు కోసిన కోటుతోనే మావోడి పెళ్ళి బాగా అయినాది, ఆడి సెయ్యి మా ఇంటికి కలిసొచ్చినాది."

చురుక్కుమంది, అబద్ధమెందుకు. ఆ వెంటనే హమ్మయ్య అనిపించింది. మంచి చెయ్యి అన్న పేరు ఉంటే ఉండనీ. అది ఒక్కరి దగ్గరే ఉంటే కొట్టు మెడకు గుదిబండే. చేతిలో ఉన్నది నోటితో చెప్పి నేర్పాకే నా చేతులు ఖాళీ అయ్యాయి.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాను. పెళ్ళిళ్ళ రోజుల్లో అలా వెళ్ళడం అదే మొదలు. సరస్వతి కంగారుగా గుమ్మంలోకి వచ్చింది.

"ఏటండీ, కొట్టు మూసేసినారేటి?"

"లేదే, తెరిచే ఉంది. అన్నం పెట్టు."