బిస్కెట్టును కొట్టే సరంగు

శ్యామసుందరి నోటికి జడిసి గిరావీన్‌లో వాళ్ల పెరట్లో మ్యాగ్‌పై పిట్టలు కూడా వాలవని కూతురు శ్రావ్య అంటుంది. మొగుడు చలపతి సరిగ్గా దానికి ఎదురు. నోట్లో నువ్వుగింజ నానదంటారే, ఆయన నోట్లో నానడమేం, మొలకెత్తినా బయటికి రాదు! భీమిలి మనిషి. సరుకు ఓడల మీద సరంగు, అంటే డెక్కు మీద పనిచేసే వాళ్లందరికీ పెద్ద. ఆయుష్షులో సగం సముద్రం మీదే గడిపి, రిటైరయ్యాక భార్యతో సహా దేశం దాటి గిరావీన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశాడు.

ఆయనకో పిచ్చి అలవాటుంది. టీలోకి బిస్కెట్టు ఇస్తే దాన్ని ముందు బల్లకేసి టక్ టక్‌మని కొడతాడు. కొట్టిన చోట ఓ చూపు చూసి, అప్పుడు తింటాడు. "అదేం పాపం చేసిందండీ, అలా బాదుతారు?" అని శ్యామసుందరి రోజూ వేళాకోళమాడుతుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఆ వేళాకోళమంతా పైపైనే. లోపల పెద్ద ముల్లుంది. శ్రావ్య పెళ్లికి కన్నతండ్రి రాలేదు. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది బాబాయి. రెండు రోజుల ముందు మాత్రం ఓ ఫోను వచ్చింది. "రాలేను. పెళ్లి ఆపొద్దు." అంతే. ఆ మనిషి ఇంటికి చేరింది మళ్లీ ఏడాదికి. అడిగితే సెలవివ్వలేదన్నాడు. కూతురి కంటే ఓడ ఎక్కువైందన్నమాట! తల్లి ఆ మాట ఎత్తి ఆయన్ని దులిపేస్తూనే ఉంది, కూతురు మాత్రం మాటే తగ్గించేసింది. ఇన్నేళ్లయినా "నాన్నా, టీ", "నాన్నా, మందులు" దాటి ఒక్క మాట లేదు. ఇద్దరి మధ్యా శ్యామసుందరి నలిగిపోతోంది.

ఆవిడ దగ్గర్లోని పారమట్టా లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసుకి వెళుతుంది. ఈసారి టీచరమ్మ ఓ పాత సముద్రం నవల ఇచ్చింది. నూట యాభై ఏళ్ల కిందటిదట, సులువు ఇంగ్లీషులోకి కుదించారు. సరుకు ఓడ, జాలి లేని కెప్టెను, మురిగిన నీళ్లు, కొరడా దెబ్బలు. అబ్బబ్బ, ఏం కష్టాలు! ఆదివారం మధ్యాహ్నం ఆవిడ అక్షరాల మీద వేలు పెట్టి పైకి చదువుతోంది. శ్రావ్య ఎదురుగా కూర్చుని తెలియని మాటలకి అర్థం చెబుతోంది.

"వీవిల్స్ అంటే ఏంటే?"

"పురుగులమ్మా, మన బియ్యంలో ముక్కుపురుగుల్లాంటివి. ఓడ మీద బిస్కెట్లు నెలల తరబడి ఉంటే పురుగు పట్టేస్తాయి కదా. అందుకని వాళ్లు ముందు బల్లకేసి కొట్టి, పురుగులు రాలాక, అప్పుడు..."

టక్. టక్.

ఇద్దరూ తలతిప్పారు. చలపతి సోఫాలో కూర్చుని టీపాయ్‌కేసి బిస్కెట్టు కొడుతున్నాడు. కళ్లు టీవీ మీదున్నాయి. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

శ్యామసుందరి వేలు ఆ అక్షరం మీదే ఆగిపోయింది. ఎప్పటి పుస్తకం, ఎక్కడి చలిదేశం! అందులోకి తన మొగుడి చెయ్యి ఎలా వచ్చింది?

"ఏవండీ, ఏ ఓడ మీద తిన్నారు పురుగుల బిస్కెట్లు?" ఆ గొంతులో ఈసారి వేళాకోళం లేదు.

చలపతి చేతిలోని బిస్కెట్టు వంక చూసుకున్నాడు. దొరికిపోయానని అర్థమైంది.

"ఓనరు మమ్మల్ని ఓడతో సహా వదిలేసి పోయాడు శ్యామా. పరాయి రేవు. డీజిల్ లేదు, కరెంటు లేదు, పురుగు పట్టిన నిలవ బిస్కెట్లు తప్ప తిండి లేదు. ఓడని ఖాళీగా వదలకూడదని రేవు అధికార్లు దిగనివ్వలేదు. వాన పడితే టార్పాలిన్ పరిచి ఆ నీళ్లు తాగేవాళ్లం."

"మరి ఆ ఫోను?" శ్రావ్య అడిగింది.

"ఎలాగో ఒక్కడిని ఇంటికి పంపడానికి ఒప్పుకున్నారమ్మా. కూతురి పెళ్లి కదా, 'నువ్వే వెళ్లు అన్నా' అన్నారు అందరూ. బట్టలు సర్దుకున్నాను. పడవ కూడా వచ్చింది. ఆ పొద్దున్నే ఇంజను రూము సుబ్బు నెత్తురు కక్కుకున్నాడు. నేను లేకపోయినా నీ పెళ్లి అవుతుంది. వాడు ఆ పడవ ఎక్కకపోతే పోయేవాడే. పడవవాడి ఫోనులోనే మీకు చేశాను."

"బతికాడా?"

"శుభ్రంగా ఉన్నాడు. గాజువాకలో ఆటో నడుపుకుంటున్నాడు."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ?"

"అప్పుడు చెబితే పందిట్లో ఏడుస్తూ కూర్చుంటారు. తర్వాత చెబితే సాకులా ఉంటుంది. రాలేదన్నది నిజమేగా."

శ్యామసుందరి పుస్తకం మూసి పక్కన పెట్టేసింది. పక్కనే కొండ పెట్టుకుని ఇన్నేళ్లూ రాయనుకుందే! కూతురి పెళ్లి పడవని ఇంకొకడికి ఇచ్చేసి, పురుగుల తిండి దగ్గరే ఉండిపోయిన మనిషి ఈ బక్కాయనేనా? ఈ మనిషినా తను రోజూ దులిపింది? చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

శ్రావ్య లేచింది. కళ్లు తుడుచుకుని ప్యాకెట్టులోంచి ఓ బిస్కెట్టు తీసి, తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. టీపాయ్‌కేసి టక్ టక్‌మని తనే కొట్టింది. వంగి, ఆ చోటంతా చూసింది.

"లేవు నాన్నా. నేను చూశాను. తిను."

చలపతి దాన్ని అందుకుని, కొట్టకుండా తిన్నాడు.